ఎల్ బోర్డు ర్యాలీ

డిజిటల్ మార్కెటింగ్ అనే మాటను నేను మొదటిసారి విన్నది నలభై ఏడో ఏట, ఉద్యోగం కోసం వెళ్లిన ఇంటర్వ్యూలో. అంతకుముందు ఇరవై ఏళ్లు ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దాను. ఆ పత్రిక మూతపడింది. దీర్ఘాలు, ఒత్తులు తప్ప ఇంకేమీ తెలియని మనిషికి మాదాపూర్‌లో ఎవరు పని ఇస్తారని మా ఆయన అన్నారు. ఇచ్చారు. ఇచ్చినవాడి వయసు ఇరవై ఏడు.

"మేడం, చిన్న చిన్న షాపులోళ్లకు బ్లాగులు రాయాలె. సోషల్ నెట్‌వర్కింగ్‌ల పేజీలు నడపాలె. తెలుగు తప్పుల్లేకుండ రాసేటోళ్లు దొరుకుతలేరు" అన్నాడు.

"బ్లాగంటే ఏంటండీ?" అన్నాను.

అతను నా కాయితాలు సొరుగులో పెట్టి, "రేపొచ్చి జాయినవ్వండి" అన్నాడు. తెలియనిది తెలియదని చెప్పిన మనిషి ఆ వారమంతా ఒక్కరూ రాలేదని తర్వాత ఎప్పుడో చెప్పాడు.

మాది పెద్ద రోడ్డు మీద అద్దాల మేడల్లో ఆఫీసు అనుకునేరు. ఆ మేడల వెనక సందులో, కింద కర్రీ పాయింటు ఉన్న ఇంట్లో, మొదటి అంతస్తు. పన్నెండు దాటితే గోంగూర పప్పు వాసనకు ఎవరి వేళ్లూ కీబోర్డు మీద నిలిచేవి కావు. బాసు, బొమ్మలు డిజైన్ చేసే ఒక అమ్మాయి, నేను. అంతే కంపెనీ. బాసుది హన్మకొండ, ఆ అమ్మాయిది శ్రీకాకుళం, నాది తెనాలి దగ్గర పల్లె. పెళ్లి చేసుకుని లింగంపల్లి వచ్చి అప్పటికి పాతికేళ్లు దాటింది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. సకల జనుల సమ్మె ఇంకా రాలేదు గానీ బంద్‌లు, రాస్తారోకోలు నడుస్తున్నాయి. మా ముగ్గురి మధ్య రాష్ట్రం గురించి పొద్దున్నుంచి వాదన జరిగేది. క్యారేజీలు తెరిచాక ఆగిపోయేది. కూరల విషయంలో మాత్రం ముగ్గురం సమైక్యవాదులమే.

ఇప్పుడు ఈ రంగంలోకి వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, "అప్పట్లో రీల్సూ లేవు, ఏమీ లేవు, ఎలా చేసేవాళ్లమ్మా?" అని. ఎలా చేసేవాళ్లమో నాకూ సరిగ్గా తెలియదు. ఒక్క క్లయింటు సంగతి చెబుతాను. మీకేమైనా పనికొస్తే తీసుకోండి. లేకపోతే నవ్వుకోండి.

నల్లగండ్లలో ఆడవాళ్ల కోసం ఒక డ్రైవింగ్ స్కూలు ఉండేది. స్కూలంటే అపార్ట్‌మెంట్ల కింద ఒక షట్టరు, దాని ముందు రెండు పాత కార్లు. నడిపేది ముప్పై అయిదేళ్ల ఆవిడ. అందరూ డ్రైవింగ్ అక్క అనేవారు. పుట్టింది, పెరిగింది ఆ ఊళ్లోనే. చిన్నప్పుడు వాళ్ల నాయన ట్రాక్టరు మీద స్టీరింగు పట్టడం నేర్చుకుంది. ఆ ట్రాక్టరు దున్నిన పొలంలోనే తర్వాత అపార్ట్‌మెంట్లు లేచాయి. భర్త ఒక ఐటీ ఆఫీసుకు క్యాబు నడిపేవాడు. ఆ అపార్ట్‌మెంట్లలో ఉద్యోగాలు చేసే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు కదా, వాళ్లకు నేర్పుదామని ఈవిడ స్కూలు పెట్టింది. పిల్లలు రోజూ ఆ షట్టరు ముందు నుంచే ఆఫీసు బస్సులకు పరుగెత్తేవారు. లోపలికి మాత్రం ఎవరూ అడుగు పెట్టేవారు కాదు.

ఆమె మా ఆఫీసుకు వచ్చిన రోజున బాసుతో ఒకటే మాట అంది. "ఈ ఎండకాలం దాటేదాంక చూస్త. రాకపోతె ఒక బండి అమ్మేస్త. ఒక బండితోని స్కూల్ నడుస్తదా? ఇగ బంద్ పెట్టుడే."

బాసు వెంటనే పేజీ పెట్టాడు. ఎర్రగా తళతళలాడే విదేశీ కారు బొమ్మ, పక్కన రంగు జుట్టు అమ్మాయి, కింద 'పదిహేను రోజుల్లో డ్రైవింగ్! భారీ డిస్కౌంట్!' లైకులు వచ్చాయి. అన్నీ హన్మకొండ నుంచి, బాసు మేనత్త పిల్లలవి. స్కూలుకు ఒక్క మనిషీ రాలేదు.

నన్ను వెళ్లి చూసి రమ్మన్నాడు. లింగంపల్లి నుంచి ఆటోలో వెళ్లి ఆ షట్టరులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్నాను. ఆమె నాకన్నా పన్నెండేళ్లు చిన్నది. మొదటి మాటే, "నువ్వు చాయ్ తాగుతవా అక్కా?" అంది. మా వైపు పెద్దవాళ్లను నువ్వంటే మొహం మాడ్చుకుంటారు. నేనూ కాస్త మాడ్చుకున్నాను. రెండో వారానికి ఎవరైనా నన్ను మీరంటేనే పరాయిగా తోచడం మొదలైంది.

"ఫోన్లు వస్తాయా అసలు?" అని అడిగాను.

"ఎందుకు రావు? వస్తయి."

"ఫీజెంతని అడుగుతారా?"

"ఫీజు ఎవ్వరు అడుగరక్కా. మీరు ఒర్లుతరా అని అడుగుతరు."

"అంటే?"

"అరుస్తరా అని. ఇంట్ల మొగోళ్లు నేర్పుతమని బండెక్కిస్తరు, రెండు నిమిషాలకే గయ్యిమంటరు. బ్రేక్ తొక్కు, క్లచ్ ఇడువు, నీకు దిమాక్ లేదని. ఇగ ఆ పిల్ల మళ్ల స్టీరింగ్ ముట్టదు. లైసెన్స్ బీర్వల పెడ్తది."

ఆఫీసుకు తిరిగి వస్తూనే మొదటి బ్లాగు పోస్టు రాశాను. శీర్షిక: 'మేము అరవం'. మర్నాడు పొద్దున్నే స్కూలుకు మొదటి ఫోను వచ్చింది. ఎవరో పెద్దాయన చెన్నైకి బదిలీ అయ్యాడట. మీరు అరవం ఎన్నాళ్లలో నేర్పుతారు, చదవడం కూడా వస్తుందా అని అడిగాడు. ఇరవై ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషిని, నా శీర్షికలోనే ఇంకో అర్థం ఉందని నాకు తట్టలేదు. బాసు కుర్చీలో వెనక్కి పడేంత నవ్వాడు. మార్చబోతే వద్దన్నాడు. "ఉండనియ్యండి మేడం. నవ్వినోడు యాద్ పెట్టుకుంటడు."

రెండో ఫోను నుంచి ఆడవాళ్లవి మొదలయ్యాయి.

అప్పుడు బాసుకు ఒక ఆలోచన వచ్చింది. డ్రైవింగ్ గురించి డ్రైవింగ్ రానివాళ్లు రాస్తే ఏం బాగుంటుంది, మీరే నేర్చుకోండి, నేర్చుకుంటూ రాయండి అన్నాడు. నాకు సైకిలు కూడా రాదన్నాను. "ఇంకా మంచిది" అన్నాడు. ఆ వయసులో నేను మొదటిసారి స్టీరింగు ముందు కూర్చున్నది అలా, ఆఫీసు డ్యూటీ మీద.

రోజూ పొద్దున్నే అరగంట నేర్చుకునేదాన్ని, తర్వాత ఆఫీసుకు వచ్చి జరిగింది జరిగినట్టు రాసేదాన్ని. గేరనుకుని హ్యాండ్ బ్రేకు లాగిన సంగతి, వైపర్లు ఆపడం తెలియక ఎర్రటి ఎండలో అద్దం తుడుచుకుంటూ ఊరంతా తిరిగిన సంగతి రాశాను. అన్నిటికన్నా జనం ఎక్కువ చదివింది ఇసుక కుప్ప సంగతి. కట్టుబడి జరుగుతున్న అపార్ట్‌మెంటు ముందు మలుపు తిప్పాను. తిరిగింది గానీ ఆగలేదు. కారు సగం వరకూ ఇసుకలోకి దిగిపోయింది. పాలమూరు కూలీలు నలుగురు వచ్చి వెనక్కి లాగారు. వాళ్లలో ఒకావిడ తట్ట నడుం మీద పెట్టుకుని, "అమ్మా, రేపు గూడ వస్తవా? పొద్దుగాల జర నవ్వితె పని అలుపు అనిపిస్తలేదు" అంది. డ్రైవింగ్ అక్క దిగి, బంపరు మీద ఇసుక దులిపి, "కుప్ప మెత్తగున్నది, మంచిగనే ఎంచుకున్నవ్" అంది. నిజంగానే ఆమె అరవదు.

కారు ఇసుకలో కూరుకుపోయిన ఫొటో, ఆ కూలీ ఆవిడ మాట, అక్క మాట కలిపి పెట్టాను. ఆ వారం షట్టరులో కూర్చోవడానికి కుర్చీలు చాల్లేదు. గచ్చిబౌలిలో పనిచేసే ఒకమ్మాయి నన్ను చూసి, "ఇసుక కుప్ప ఆంటీ మీరేనా!" అని చేతులు పట్టుకుంది. మీరు ఇప్పుడు ఇన్‌ఫ్లుయెన్సర్ అంటారే, అప్పట్లో దాన్ని ఇసుక కుప్ప ఆంటీ అనేవారు.

అంతా బాగుంది అనుకుంటుండగా బంద్ వచ్చింది.

బంద్ ముందు రోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చేశాక, బాసు ఉత్సాహం ఆపుకోలేక స్కూలు పేజీ మీద ఒక పోస్టు పెట్టాడు. 'రేపు బంద్! రోడ్లన్నీ ఖాళీ! డ్రైవింగ్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి రోజు దొరుకుతుందా? బంద్ స్పెషల్ క్లాస్, పొద్దున ఆరింటికి.' చివర పళ్లికిలించే బొమ్మ ఒకటి.

పొద్దున్నే ఇంట్లో కంప్యూటరు తెరిచి చూశాను. కామెంట్లు పేజీల కొద్దీ ఉన్నాయి. 'పిల్లలు ప్రాణాలు తీసుకుంటుంటే మీకు రోడ్లు ఖాళీ దొరికినయా?' అని ఒకరు. 'ఇది ఆంధ్రోళ్ల బడి, దీనికి తాళం ఎయ్యాలె' అని ఇంకొకరు. వాటి కింద అటువైపు నుంచి మరొకరు వచ్చి బంద్‌ను వెక్కిరించారు. అది చూసి మరో వందమంది వచ్చారు. బాసుకు ఫోను చేశాను. అతను అప్పుడే లేచాడు.

"అయ్యో మేడం! నేను సరదాకు పెట్టిన. నేను గూడ ఉద్యమంల తిరిగినోన్నే గదా!"

"అది నాకు తెలుసు. చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?"

"తీసేస్తున్న. ఇప్పుడే తీసేస్తున్న."

"తీసెయ్యకు నాయనా, ముందు క్షమాపణ..." అంటూనే ఉన్నాను, తీసేశాడు. అప్పటికే ఆ పోస్టును ఎవరెవరో ఫొటో తీసి పంచేశారు. తీసేయగానే 'పారిపోయిండ్రు' అని కొత్తగా మొదలైంది. పిల్లలూ, ఇది ఒక్కటి గుర్తుంచుకోండి. తప్పు పోస్టు తీసే ముందు ఆ చోటునే నిలబడి తప్పైందని చెప్పండి. ఖాళీ చోటు చూస్తే జనానికి కోపం ఇంకా ఎక్కువవుతుంది.

డ్రైవింగ్ అక్క దగ్గర మామూలు ఫోనే ఉండేది. ఆమెకు ఇదేమీ తెలియదు, ఫోను చేస్తే ఎత్తలేదు. ఆటోలు లేవు. లింగంపల్లి నుంచి నల్లగండ్లకు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దాదాపు పరుగున నడిచాను.

నేను వెళ్లేసరికే షట్టరు ముందు జెండాలు పట్టుకుని పదిహేను మంది దాకా ఉన్నారు. ఎక్కువ మంది ఆడవాళ్లే. ముందు నిలబడ్డావిడ సర్కారు బడి టీచరట, ఆ చుట్టుపక్కల కాలనీల మహిళా జేఏసీకి పెద్ద. ఖద్దరు చీర, గంట కొట్టినట్టు గొంతు. చేతిలో మా పోస్టు ప్రింటు తీసిన కాయితం.

"ఏందిది? రోడ్లు ఖాళీ అని సంబురమా? రోడ్లు ఎందుకు ఖాళీ అయినయో ఎర్కనా నీకు?"

అక్కకు అర్థం కాలేదు. కాయితం తీసుకుని చదివింది. చదువుతుంటే ఆమె మొహంలో రంగు మారింది. కాయితం తిరిగి టీచరమ్మ చేతిలో పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది.

"మా తమ్ముడు యూనివర్సిటీ హాస్టల్ల ఉంటడు టీచరమ్మా. పోయినేడు లాఠీచార్జిల తలకాయ పగిలింది. దవాఖానల వానికి కుట్లేస్తుంటె చెయ్యి పట్టుకొని కూసున్నది నేనే. నేను సంబురపడ్తనా? గీ ముచ్చట నేను రాయలే. గానీ నా స్కూల్ పేరు మీద వచ్చింది. అంటె నాదే. తప్పైంది."

అని షట్టరు కొక్కెం అందుకుని తానే సర్రున కిందికి లాగింది.

గుంపు కొంచెం మెత్తబడింది. "మరి ఎవరు రాసిండ్రు?" అంది టీచరమ్మ.

ఆమె ఒక్కతే మాటలు పడుతుంటే చూస్తూ ఊరుకోలేక ముందుకు వచ్చాను. "మా ఆఫీసు నుంచే వచ్చిందండీ."

ఆ 'అండీ' నా నోట్లోంచి జారగానే వెనక నుంచి ఒకతను అరిచాడు. "అగో! చెప్పిన గదా, ఆంధ్రోళ్ల పనే అని!"

పాతికేళ్లలో ఆ ఊళ్లో నేను పరాయిదాన్ననిపించిన పొద్దు అదొక్కటే. సరిగ్గా అప్పుడే బైకు మీద బాసు వచ్చాడు. హెల్మెట్ తియ్యడం కూడా మరిచిపోయి, లోపల్నుంచే గొణిగాడు. "ఆమె కాదు మేడం. నేనే రాసిన."

"హెల్మెట్ తియ్యి ముందుగాల. ఏ ఊరు నీది?"

"హన్మకొండ మేడం."

"హన్మకొండ?" టీచరమ్మ కాయితం అతని మొహం ముందు ఆడించింది. "హన్మకొండోనివి అయ్యి గిదేం రాతరా? నీ బుర్ర ఏడ తాకట్టు పెట్టినవ్? సదువు."

"మేడం..."

"గట్టిగ సదువు. అందరు వినాలె."

కంపెనీ యజమాని నడిరోడ్డు మీద చేతులు కట్టుకుని తన పోస్టు తానే గట్టిగా చదివాడు. పళ్లికిలించే బొమ్మ దగ్గర ఆగిపోతే, "అది గూడ జెప్పు, ఏంది బొమ్మ?" అంది. "నవ్వు బొమ్మ మేడం" అన్నాడు ఏడుపు గొంతుతో. ఎవరో ఫక్కున నవ్వారు. ఆ వెంటనే గుంపంతా నవ్వింది. మా అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వని మనుషులం ముగ్గురమే మిగిలాం, టీచరమ్మ, బాసు, నేను.

"ఇంటికి పోయి ఒప్పుకోలు రాయి. తప్పుల్లేకుండ" అంది టీచరమ్మ. బాసు నా వైపు చూశాడు. తప్పుల్లేకుండా రాయడం నా శాఖ.

వాళ్లు వెళ్లిపోతారనుకున్నాను. టీచరమ్మ కదల్లేదు. షట్టరు పక్కన నిలిపిన రెండు కార్లనూ వాటి మీద ఎర్ర ఎల్ అక్షరాన్నీ చూస్తోంది.

"వీటిని నడిపేది ఆడోళ్లేనా?" అని అక్కను అడిగింది.

"ఆడోళ్లే. ఎందుకు?"

"ఆదివారం లింగంపల్లి నుంచి గచ్చిబౌలి దాంక మా మహిళల ర్యాలీ ఉన్నది. కార్లిస్తం, మొగోళ్లం నడుపుతం, మీరు ఎనుక కూసొని జెండలు ఊపుండ్రి అంటుండ్రు. మహిళల ర్యాలీల స్టీరింగ్ మొగోళ్లదా? నాకు మంటగున్నది. నీ దగ్గర బండి నడిపేటోళ్లు ఎంతమంది ఉంటరు?"

"నడిపేటోళ్లు కాదు టీచరమ్మా, నేర్సుకునేటోళ్లు."

"చాలు."

అక్క ఆలోచించింది. "నా దగ్గర ఇక్కడోళ్లున్నరు, ఆంధ్రోళ్లున్నరు, ఒడిశా పిల్ల గూడ ఉన్నది. అందర్ని అడుగుత. ఇష్టమున్నోళ్లు వస్తరు, లేనోళ్లు రారు. ఎవ్వర్ని బల్మీటికి తేను. లైసెన్స్ లేనోళ్లకు స్టీరింగ్ ఇయ్య."

"న్యాయమే" అంది టీచరమ్మ.

బాసు పేరుతో నేను రాసిన క్షమాపణ ఆ సాయంత్రమే పేజీ మీదికి వెళ్లింది. వంకలేమీ పెట్టలేదు. రాసింది ఎవరో, ఎందుకు తప్పో, ఎవరి ముందు చదవాల్సి వచ్చిందో అన్నీ ఉన్నాయి. కామెంట్లు ఒక్కసారిగా చల్లారలేదు గానీ, నవ్వు బొమ్మ దగ్గర అతను ఆగిపోయిన సంగతి చదివాక మాటల్లో కారం తగ్గింది.

ర్యాలీకి రామన్నవాళ్లు ఉన్నారు. వాళ్లను అక్క మళ్లీ ఒక్క మాట అడగలేదు. వస్తామన్నవాళ్లు తమ ఇళ్లలో కార్లు తెస్తామన్నారు. అందరికీ లైసెన్సులున్నాయి, ధైర్యమే అంతంత మాత్రం. అందుకని అన్ని కార్లకూ ఎల్ బోర్డు అతికించాల్సిందే అంది అక్క. "ఎనుకొచ్చేటోడు జర దూరం ఉంటడు."

నాకు అప్పటికి లైసెన్సు వచ్చి వారం. ఆదివారం ఫొటోలు తియ్యడానికి మాత్రమే వెళ్లాను. లింగంపల్లి మార్కెట్ దగ్గర కార్లన్నీ వరసలో నిలబడ్డాయి. ముందు కారు అక్కది. స్కూలు రెండో కారు నడపాల్సిన అమ్మాయి అప్పుడే ఫోను చేసింది, పిల్లవాడికి జ్వరమట.

అక్క తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"నేనా? నా సంగతి నీకు తెలుసు కదమ్మా! పైగా నేను..." ఆగిపోయాను.

"ఏం నువ్వు?"

"నేను ఆ వైపు మనిషిని."

"నువ్వు ఇసుక కుప్ప మనిషివి" అంది అక్క. "వస్తె రా. మనసొప్పకపోతె బండి ఈడనే పెడ్త, ఏం ఫికర్ లేదు. నిన్నేం అనుకోను."

నిజంగానే ఏమీ అనుకోదని ఆమె మొహం చూస్తే తెలిసింది. అదే నన్ను కదిలించింది. వరసలో చివరి కారు నాది. పక్క సీట్లో ఎక్కింది ఎవరో కాదు, టీచరమ్మ. వెనక ముగ్గురు అమ్మలు జెండాలతో. మా వెనక పోలీసు జీపు.

"ఏ ఊరు మీది?" అంది టీచరమ్మ, నేను సీటు బెల్టుతో కుస్తీ పడుతుంటే. బంద్ రోజు చూసిన నన్ను గుర్తు పట్టింది.

"తెనాలి దగ్గరండీ."

"మరి మా ర్యాలీకి బండి నడుపుతున్నరు?"

"మీ ర్యాలీకి కాదండీ. మా స్కూలుకి నడుపుతున్నాను."

ఆమె తల ఊపి, "గది సక్కటి మాట" అంది.

మొదటి గేరులోనే కదిలాం. ఎవ్వరమూ రెండో గేరు జోలికి పోలేదు. డప్పులవాళ్లు ముందు నడుస్తున్నారు. నడుస్తున్న డప్పులవాళ్లు మమ్మల్ని దాటి వెళ్లిపోయి, ఆగి, వెనక్కి వచ్చి మాకు మళ్లీ స్వాగతం చెబుతున్నారు. పక్కన బస్సుల్లోంచి జనం చేతులూపుతున్నారు. అలా రైల్వే వంతెన కిందికి దిగాం. దిగడం బాగానే జరిగింది. అవతల ఎత్తు ఎక్కాలి. సగం ఎత్తులో ముందు కారు ఆగింది. నేనూ ఆగాను. ముందు కారు కదిలింది. నాది ఆగిపోయింది.

తిరిగి స్టార్టు చేసి క్లచ్చి వదిలాను. దగ్గి చచ్చిపోయింది. మళ్లీ చేశాను. ఈసారి ముందుకు పోవాల్సింది వెనక్కి జారింది. వెనక జీపు. జీపులోంచి విజిల్. వెనక సీట్లో అమ్మలు 'జై' అనబోయి 'అమ్మో' అన్నారు. టీచరమ్మ డ్యాష్‌బోర్డు పట్టుకుని బడి గంటలా మొదలుపెట్టింది.

"తొక్కు! అగో, తొక్కు! ఇడువు! అది కాదు, అది! ఎటు పోతున్నవ్!"

"మీకు డ్రైవింగ్ వచ్చాండీ?" అని అడిగాను.

"రాదు!"

"అయితే అరవకండి! మా స్కూల్లో ఎవరూ అరవరు!"

నేను అంత గొంతు అంతకుముందు ఎవరి మీదా ఎత్తలేదు, మా ఆయన మీద కూడా. టీచరమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బడిపిల్లలా కూర్చుంది.

ఈలోగా జీపులోంచి ఎస్సై దిగి కిటికీ దగ్గరికి వచ్చాడు. వాళ్లూ ఆ మట్టి మనుషులే. మొహం సీరియస్‌గానే పెట్టాడు.

"మేడం, జర జల్దీ. గీ స్పీడుతోని పోతె మీరు గచ్చిబౌలి చేరేసరికి తెలంగాణ వచ్చేస్తది."

మొదట నవ్వింది టీచరమ్మ. గంట గొంతు మనిషి పడీ పడీ నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "వస్తె మంచిదే గద సారూ! అయితె నిమ్మళంగనే పోదం!" అంది. ఆ నవ్వులో నా భయం ఎటు పోయిందో తెలియదు. హ్యాండ్ బ్రేకు పైకి లాగాను. క్లచ్చి సగం వదిలి, కారు ముక్కు కొంచెం లేచేదాకా ఆగాను. అక్క వంద సార్లు చెప్పింది, ముక్కు లేస్తది అప్పుడు ఇడువు అని. లేచింది. వదిలాను. కారు ఎత్తెక్కింది. వెనక అమ్మలు వేసిన ఈలలకు ఆ వంతెన గోడలు దద్దరిల్లాయి.

గచ్చిబౌలిలో సభ పెట్టుకుని మా కోసం ఎదురు చూస్తున్న పెద్దమనిషి, ర్యాలీ వచ్చేదాకా ప్రసంగం సాగదీసి సాగదీసి, మేము చేరేసరికి గొంతు పూర్తిగా పోగొట్టుకున్నాడు. మా కార్లు చూసి చేతులు మాత్రం జోడించాడు.

మర్నాడు రాసింది చదివి వినిపిస్తే అక్క అనుమానంగా చూసింది. "ఎత్తు మీద ఆగిపోయింది గూడ రాసినవా? స్కూల్‌కి చెడ్డపేరు రాదా?"

"ఎక్కింది కూడా రాశాను కదా."

ఆమె ఎల్ బోర్డు ఒకటి తీసి కొంగుతో తుడిచింది. "సరె. రాసింది రాసినట్టె పెట్టు."

పెట్టాం. బంద్ పోస్టును తిట్టినవాళ్లే మొదట చదివారు. ఎస్సై మాట ఆ వారం ఎన్ని పేజీల్లో తిరిగిందో లెక్క లేదు. మొదటిసారి ఆ పేజీ కింద ఆంధ్ర, తెలంగాణ అని ఎవరూ కొట్టుకోలేదు. ఎత్తు మీద హ్యాండ్ బ్రేకు వాడాలా, క్లచ్చి మీదే ఆపాలా అని కొట్టుకున్నారు. గుంటూరు మనిషి, కరీంనగర్ మనిషి ఒకవైపు చేరి, హైదరాబాద్ మనిషిని ఏకేశారు. బాసు ఆ కామెంట్లు ఒక్కొక్కటీ మాకు చదివి వినిపించాడు, ఈసారి ఎవరూ బలవంతం చెయ్యకుండానే.

ఎండాకాలం పోయింది. అక్క కారు అమ్మలేదు. మూడోది కొంది. కొత్తగా చేరినవాళ్లలో మొదటి పేరు టీచరమ్మది. మొదటి రోజు స్టీరింగు ముందు కూర్చోగానే, "నా మీద మాత్రం అరవొచ్చు, నాకు అలవాటే" అందట. అక్క అరవలేదట. అరిచి ఉంటే తొందరగా వచ్చేదని ఆవిడ చివరిదాకా సణిగింది.

ఆ తర్వాత మేము చాలామందికి పేజీలు నడిపాం. వాటిలో కొన్ని బాగా నడిచాయి, కొన్ని నెలకే మూలనపడ్డాయి. నేను నేర్చుకున్నది పెద్దగా ఏమీ లేదు. అమ్మేవాడి గొప్పలు రాస్తే ఎవరూ ఆగి చదవరు. కొనేవాళ్ల భయం రాస్తే ఆగుతారు. ఆ భయం మనకూ ఉందని ఒప్పుకుంటే పక్కన కూర్చుంటారు. మీ కొత్త సాఫ్ట్‌వేర్లలో దీనికి ఏ పేరు పెట్టారో నాకు తెలియదు.

పార్లమెంటులో తెలంగాణ బిల్లు పాసైన సాయంత్రం మా వీధి నిండా టపాసులు. మా ఆయన టీవీ ముందు కదలకుండా కూర్చున్నారు. తెనాలి నుంచి మా చెల్లెలు ఫోను మీద ఫోను చేస్తోంది. అక్కడే ఉంటారా, ఇల్లు అమ్మేసి వచ్చేస్తారా అని. ఫోను పక్కన పెట్టి కూర్చున్నాను. అప్పుడు గేటు ముందు ఆగకుండా హారన్.

టీచరమ్మ. సొంత కారు, పక్కన ఎవరూ లేరు. వెనక సీటంతా మిఠాయి డబ్బాలు.

"ఇంట్ల ఏం జేస్తున్నవ్? రా, కాలనీ అంత పంచాలె."

"నేనెందుకండీ ఇవాళ..."

"ఎందుకేంది? నేను బండి నడుపుతుంటె డబ్బలు ఎవరిస్తరు?"

వెళ్లి ఎక్కాను. ఆమె ఒక డబ్బా విప్పి, నేను వద్దనేలోగా ఇంత పెద్ద పాలకోవా నా నోట్లో కుక్కింది. అదే సమయానికి ఫోను మళ్లీ మోగింది. చెల్లెలే. నోరు తెరవలేక, నవ్వు ఆపుకోలేక ఫోను చేతిలో పట్టుకుని ఉండిపోతే, టీచరమ్మ లాక్కుని చెవిన పెట్టుకుంది. అటునుంచి ప్రశ్న మొత్తం విన్నది.

"మీ అక్క నోట్ల మిఠాయి ఉన్నది తల్లీ. ఇప్పుడు యాడికీ పోయేటట్టు లేదు" అని ఫోను నా ఒళ్లో పడేసి, గేరు వేసింది.